ఆశ్వయుజం అడుగుపెట్టిన వారం

వానాకాలం చెప్పి వెళ్లదు. ఒకరోజు తెల్లవారుజామున కాళ్ల దగ్గర ముడుచుకుని ఉన్న దుప్పటి దానంతటదే మెడదాకా వస్తుంది. ఐదు మీద తిరిగే ఫ్యాను మూడుకు దిగుతుంది. రెండు నెలలుగా ముక్కవాసన కొట్టిన తువ్వాళ్లు మధ్యాహ్నానికల్లా ఆరి గరగరలాడతాయి. తలెత్తి చూస్తే ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంటుంది. వానలు దుమ్మును కిందికి దించేశాయి, గాలిలో తేమ తగ్గింది. అందుకే ఆ నీలం.

అంతే... శరత్తు వచ్చేసినట్టు!

హైదరాబాద్‌లో ఎవర్నడిగినా ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని మూడే చెబుతారు. పంచాంగంలో మాత్రం ఆశ్వయుజ, కార్తీక మాసాలు శరదృతువువి. ఏసీ అక్కర్లేదు, గీజరు ఇంకా అవసరం పడదు. మధ్యాహ్నం ఎండ చురుక్కుమన్నా పొద్దుటి పూట, సాయంత్రం పూట నగరం మనిషిని ప్రేమగానే చూసుకుంటుంది. చిత్రమేమిటంటే ఈ కాలంలో దొరికే ఆనందాల్లో చాలావాటికి డబ్బు పెట్టనక్కర్లేదు. కాస్త ఆగి చూడాలంతే. ఆగడమే కదా నగరంలో కష్టమైన పని!

2023లో అలాంటి వారం ఒకటి వచ్చింది. అక్టోబరు 14న పెత్రమాస రోజు ఎంగిలిపూలతో బతుకమ్మ మొదలైంది. 22వ తేదీ ఆదివారం సద్దుల బతుకమ్మ. విద్యానగర్‌లో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉండే పెద్దావిడకు అది నగరంలో మొదటి బతుకమ్మ. కొడుకు దగ్గరికి వచ్చి మూడేళ్లయినా ఏటా పెత్రమాసకు ముందే బస్సెక్కి సిద్దిపేట వైపున్న సొంతూరికి వెళ్లిపోయేది. ఆ ఏడాది మోకాళ్లు ఒప్పుకోలేదు.

‘‘ఈడ ఏముంటది బిడ్డా... బొమ్మలెక్క కూసునుడే’’ అంది కోడలితో.

ఏముందో ఆ వారమే చూపించింది.

సోమవారం: రాలిన పూలు

బడులకు 13 నుంచి 25 దాకా దసరా సెలవులు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి మామూలుగా హారన్లతో దద్దరిల్లే వీధిలో స్కూలు బస్సులు లేవు, పిల్లల ఆటోలు లేవు. సిగ్నల్ దగ్గర రెండుసార్లు ఎర్రలైటు పడేదాకా ఆగాల్సిన బండ్లు ఒక్కసారికే దాటిపోయాయి. కోడలు ఎక్కిన సిటీ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. నగరంలో ఉద్యోగం చేసేవాళ్లకు అది చిన్న సంగతేం కాదు.

అపార్ట్‌మెంటు పక్కన పాత పెంకుటిల్లు ఒకటుంది. ఆ ఇంటి గోడ మీంచి పారిజాతం కొమ్మ బయటికి వంగి ఉంటుంది. చీకటి పడ్డాక విచ్చుకునే ఈ పూలు తెల్లారేసరికి రాలిపోతాయి. నేలబడిన పూలు దేవుడికి పెట్టకూడదంటారు. ఒక్క పారిజాతానికి మాత్రం ఆ నియమం లేదు. పైగా రాలినవే ఏరుకోవాలి, చెట్టు మీదివి కోయకూడదంటారు పెద్దలు. తెల్లటి రేకులు, పగడంలాంటి కాడ. ఆ కాడలతో ఒకప్పుడు బట్టలకు రంగు అద్దేవారు.

నడకకని కిందికి దిగిన పెద్దావిడ గోడవతల వాటిని చూసింది. చీపురు పట్టుకుని వచ్చిన వాచ్‌మన్ భార్యను ఆపింది. ‘‘ఊడ్వకే పిల్లా, జరసేపు ఆగు’’ అని కొంగు పరిచింది. ఇద్దరూ కలిసి ఏరారు. మూడేళ్లుగా ఆ దారినే నడుస్తున్నా ఆవిడకు ఆ చెట్టు కనపడలేదు. ఏటా ఈ రోజుల్లో ఊళ్లోనే ఉండేది కదా!

సాయంత్రం మేడ మీదికి ఎక్కితే పడమటి దిక్కున, నీళ్ల ట్యాంకులకూ డిష్ యాంటెన్నాలకూ మధ్య సన్నటి నెలవంక. బతుకమ్మ చంద్రుడు లేని అమావాస్య రోజు మొదలవుతుంది. ఆ తర్వాత రోజుకింత చొప్పున చంద్రుడు పెరుగుతాడు. సద్దుల నాటికి సగం నిండుతాడు. ఊళ్లో కరెంటు లేని రోజుల్లో ఆడవాళ్లకు ఆ వెలుగే దారి చూపించేది. మనవరాలికి ఆ లెక్క నచ్చింది. రోజూ చంద్రుణ్ని చూసి నోటుపుస్తకంలో బొమ్మ వేస్తానంది.

మంగళవారం: తొందరపడనివ్వని పండు

ఈ కాలంలో నగరం రోడ్ల పక్కన వెదురు బుట్టలు వరుస కడతాయి. వాటి నిండా సీతాఫలాలు. చాలావరకు పాలమూరు గుట్టల మీద, అడవి అంచుల్లో నీరు పెట్టకుండా, మందు కొట్టకుండా వాటంతటవి కాసినవి. బాలానగర్ అనే పేరున్న సీతాఫలం రకం దేశమంతా ప్రసిద్ధి. హైదరాబాద్‌లోని ఫ్యాక్టరీల బాలానగర్ కాదు, మహబూబ్‌నగర్ జిల్లాలోని బాలానగర్ పేరు మీద వచ్చిందది. ఆకులు పరిచిన బుట్టలతో తెల్లారకముందే నగరానికి చేరే ఆడవాళ్లు సందు మలుపుల్లో కూర్చుంటారు.

కొనడంలోనూ ఒక విద్య ఉంది. కళ్లు చిన్నవిగా, దగ్గరదగ్గరగా ఉంటే కాయ ముదరలేదన్నట్టు. కళ్లు విచ్చుకుని, వాటి మధ్య గీతలు తెల్లబారితే ముదిరిందన్నట్టు. అలాంటిది తెచ్చి బియ్యం డబ్బాలో పెడితే రెండ్రోజుల్లో మెత్తబడుతుంది.

‘‘ఎట్లిస్తున్నవమ్మా?’’

‘‘డజను తీసుకో అవ్వా, తక్కువ చేసిస్త. నీకు ఎక్కువ చెప్తనా?’’

‘‘కండ్లు ఇప్పని కాయలు పైనబెట్టి నాకే చెప్తున్నవా!’’

ఇద్దరూ నవ్వారు. డజనుకు రెండు కొసరు పడ్డాయి. ఆ బేరంలో మిగిలింది పది రూపాయలే కావచ్చు. కానీ పెద్దావిడ ఆ వారంలో ఇంట్లోవాళ్లతో కాకుండా బయటివాళ్లతో అంతసేపు మాట్లాడింది అప్పుడే.

సీతాఫలం తొందరపడేవాళ్ల పండు కాదు. ఒక చేత్తో ఫోను పట్టుకుని తినడం కుదరదు. పేపరు పరచుకోవాలి, కింద కూర్చోవాలి. ఒక్కో తొన నోట్లో వేసుకుని నల్లటి గింజను వేరుచేయాలి. రాత్రి భోజనాలయ్యాక ఆ ఇంట్లో నలుగురూ గుండ్రంగా కూర్చుని ఎవరి గింజలెన్నో లెక్కపెట్టుకున్నారు. టీవీ పెట్టడం ఎవరికీ గుర్తురాలేదు. ఈ పండును చెంచాతో తినాలనుకునేవాళ్లు మొజంజాహి మార్కెట్‌కు వెళ్తారు. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్ దగ్గర సీతాఫలం ఐస్‌క్రీం కోసం ఈ కాలమంతా సాయంత్రాలు జనం నిలబడే ఉంటారు.

బుధవారం: చెట్టు కనపడదు, వాసన వస్తుంది

చీకటి పడ్డాక కాలనీ రోడ్డు మీద నడుస్తుంటే ఒకచోట ఘాటైన తియ్యటి వాసన చుట్టుముడుతుంది. అగరుబత్తీ కాదు, అత్తరు కాదు. తలెత్తి చూస్తే చీకట్లో లేతాకుపచ్చ గుత్తులు. అది ఏడాకులపాల చెట్టు. ఒక్కో కణుపు దగ్గర గొడుగు పరిచినట్టు ఆకులు గుండ్రంగా వస్తాయి. తరచుగా ఏడు ఉంటాయి కాబట్టి ఆ పేరు. సంస్కృతంలో సప్తపర్ణి. దీని శాస్త్రీయ నామంలో ‘స్కాలరిస్’ అనే మాట ఉంది. ఈ చెట్టు కలపతో ఒకప్పుడు బడిపిల్లల పలకలు చేసేవారు, ఆ మాట అందుకే వచ్చింది.

త్వరగా పెరుగుతుంది, నీడనిస్తుంది, పశువులు ముట్టవు. అందుకే నగరాల్లో రోడ్ల పక్కన విరివిగా నాటారు. అక్టోబరు రాగానే ఈ చెట్టు కాలనీని రెండు వర్గాలుగా చీలుస్తుంది. ‘ఆహా’ అనేవాళ్లు ఒకవైపు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని తుమ్మేవాళ్లు ఒకవైపు. ఆస్తమా ఉన్నవాళ్లకు దీని దగ్గర ఇబ్బందే. కిటికీ మూసుకోవాల్సినవాళ్లను తప్పుపట్టలేం. మిగతావాళ్లకు మాత్రం ఇది భోజనం తర్వాత పావుగంట నడకకు మంచి సాకు.

నడుస్తూ నడుస్తూ పెద్దావిడ కోడలిని అడిగింది. ‘‘నువ్వు రోజు ఇట్ల నడుస్తవా?’’

‘‘ఎక్కడత్తమ్మా... పనయ్యేసరికి పదిన్నర.’’

‘‘గిన్నెలు రేపు తోముకుందం తియ్యి.’’

అత్తాకోడళ్ల మధ్య అలాంటి మాట వినపడటం కూడా ఆ వారపు ఆనందాల్లో ఒకటి.

గురువారం: అలిగినరోజు

తొమ్మిది రోజుల్లో ఆరోది అలిగిన బతుకమ్మ. ఆ రోజు అమ్మ అలిగిందంటారు. పూలు పేర్చరు, నైవేద్యం పెట్టరు. ఎంత సంబరానికైనా మధ్యలో ఒకరోజు విరామం ఉండాలని ఆ ఏర్పాటు చేసినవాళ్లకు తెలిసే ఉంటుంది.

ఇక్కడ ఖాళీ కదా అని నగరమంతా ఖాళీగా ఉండదు. దేవీ నవరాత్రులు హైదరాబాద్‌లో ఒక్క భాషలో జరగవు. కింది అంతస్తులోని తమిళ కుటుంబం బొమ్మల కొలువుకు పిలిచింది. బేసి సంఖ్యలో మెట్లు, వాటి మీద పెళ్లి ఊరేగింపు, కిరాణా కొట్టు చెట్టియారు దంపతులు, దశావతారాలు, చివర్న ఈ కాలం పిల్లాడు పెట్టిన ప్లాస్టిక్ మెట్రో రైలు. చేతిలో శనగ గుగ్గిళ్లు పెట్టారు. అది దాటితే గుజరాతీల దాండియా కర్రల చప్పుడు. బెంగాలీల దుర్గాపూజ పందిళ్లలో ఢాక్ మోత, మధ్యాహ్నం భోగ్ పేరుతో వడ్డించే కిచిడీ. లోపలికి రావడానికి ఎవరూ పేరు అడగరు, ఊరు అడగరు.

తమిళ ఇంటావిడకు తెలుగు అంతంతమాత్రం. పెద్దావిడకు తెలంగాణ తెలుగు తప్ప ఇంకోటి రాదు. అయినా గుగ్గిళ్లలో కొబ్బరి ఎప్పుడు వేయాలో ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. ‘‘ఆదివారం మా దగ్గరికి రావాలె’’ అని చెప్పి మరీ వచ్చింది పెద్దావిడ. ఏం ఉంటుందని రమ్మందో అప్పటికి ఆవిడకే తెలియదు!

శుక్రవారం: వేపకాయలు, ఇరానీ చాయ్

వేపకాయల బతుకమ్మ అంటే చేదేమీ కాదు. బియ్యప్పిండిని వేపకాయల్లా చుట్టి నూనెలో వేయించి పెడతారు. అవి కోడలి టిఫిన్ డబ్బాలో ఆఫీసుకు వెళ్లి, పదకొండింటికే ఖాళీ అయ్యాయి. పండక్కి ఊరెళ్లలేని ఉద్యోగులకు ఇలాంటి డబ్బాలే ఊళ్లు.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఒక స్టాపు ముందే దిగింది. అక్కడ మూలమీద ఇరానీ హోటల్ ఉంది. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు మొదలుపెట్టిన ఈ హోటళ్లు ఒకప్పుడు నగరంలో చౌరస్తా చౌరస్తాకూ ఉండేవి. ఇప్పుడు చాలావాటి స్థానంలో మందుల షాపులు, మొబైల్ షాపులు వచ్చాయి. డికాక్షన్ విడిగా, చిక్కగా మరిగిన పాలు విడిగా ఉంటాయి. కప్పులో రెండూ కలుస్తాయి. పక్కన రెండు ఉస్మానియా బిస్కెట్లు. బిస్కెట్ ముంచితే చాయ్‌లో పడేలోపు నోట్లో వేసుకోవాలి. ఆ ఒక్క విషయంలోనే అక్కడ తొందర. మిగతాదంతా నిదానం. ఒక్క చాయ్ మీద అరగంట కూర్చున్నా ‘ఇంకేం కావాలి’ అని బల్ల తుడవడానికి రారు. నగరంలో అలా కూర్చోనిచ్చే చోట్లు తగ్గిపోతున్నాయి కాబట్టే ఆ చాయ్‌కి అంత రుచి.

ఆ సాయంత్రం వెలుతురు కూడా వేరు. ఐదున్నర దాటాక ఎండ ఏటవాలుగా పడి, పాత గోడలకు పసుపు రాస్తుంది. ఆరు దాటేసరికి గబుక్కున చీకటి.

శనివారం: పూలు ఎక్కణ్నుంచి వస్తాయి?

సద్దులకు ముందురోజు నగరం పూలబజారు అయిపోతుంది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో బంతి, చామంతి రాశులు పోస్తారు. చౌరస్తాల్లో మాత్రం రైతుబజార్లో దొరకని పూలు దిగుతాయి. తంగేడు, గునుగు, కట్లపూలు. ట్రాలీ ఆటోల్లో రాత్రికి రాత్రే వచ్చి, పొద్దున్నే ఫుట్‌పాత్‌ల మీద కట్టలు కట్టలుగా పరిచి ఉంటాయి. తెల్లటి గునుగును ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ముంచి ఆరబెట్టినవి కూడా అమ్ముతారు.

పెద్దావిడ ఆ కట్టల ముందు ఆగిపోయింది.

‘‘ఎంత?’’ అని అడిగి, జవాబు విని, కోడలివైపు తిరిగింది. ‘‘గునుగు పైసలిచ్చి కొనుడేందే బిడ్డా?’’

ఆ ప్రశ్నలో కోపం లేదు, నిజంగానే ఆశ్చర్యం. తంగేడును ఎవరూ విత్తరు. గునుగు రైతుకు కలుపుమొక్క. ఒకటి గట్ల మీద, బీడు భూముల్లో పూస్తుంది. ఇంకోటి జొన్న, మక్క చేలల్లో తనంతట తాను మొలుస్తుంది. తెల్లారగట్ల పిల్లలు సంచులు పట్టుకుని వెళ్లి కోసుకొచ్చేవారు. ఎవరి పొలమని అడిగేవాళ్లు లేరు. ఎవరూ పెంచని పూలతో చేసే పండగ ఇది. 2014లో బతుకమ్మ తెలంగాణ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది. కానీ రాష్ట్ర పుష్పానికి కావాల్సింది పూలకుండీ కాదు, పడావు పడిన నేల. నగరం చుట్టూ ఆ నేలంతా హద్దురాళ్లు పాతిన ప్లాట్లయింది. ఒకప్పుడు శివార్లలో కోసుకున్న తంగేడు ఇప్పుడు ఎంతో దూరం నుంచి ఆటోలో వస్తోంది. రైతు చేలో కలుపుమందు పడితే గునుగు కూడా ఉండదు.

అయినా ఆవిడ కొంది. రెండు కట్టలు గునుగు, ఒక కట్ట తంగేడు. డబ్బులిస్తూ అమ్మే మనిషిని అడిగింది ‘‘ఏ ఊరు బిడ్డా?’’ అని. చెప్పిన ఊరు తన ఊరికి మూడు ఊళ్ల అవతలే. ఇంకో కట్ట ఊరికే వచ్చింది.

ఆదివారం: పార్కింగ్‌లో సద్దులు

ఆదివారం పొద్దున కొడుకూ మనవరాలూ ఆబిడ్స్ వెళ్లారు. షాపులన్నీ మూసి ఉండే ఆ ఒక్కరోజు వాటి ముందు ఫుట్‌పాత్ అంతా పాత పుస్తకాల గుట్టలే. పిల్లకు పక్షుల బొమ్మల పుస్తకం దొరికింది. అందులో మొదట వెతికింది పాలపిట్టను. దసరా రోజు దాన్ని చూస్తే శుభమంటారు. పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవాళ్లు దొరుకుతారు గానీ చట్టం అందుకు ఒప్పుకోదు. అసలు ఆ పిట్ట అందమంతా రెక్క విప్పినప్పుడే. పంజరంలో రెక్క విప్పేదెక్కడ?

ఇంట్లో మధ్యాహ్నం నుంచే పని. తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, గునుగు కొసలు సమంగా కత్తిరించి, వరుసకో రంగు చొప్పున గుండ్రంగా పేర్చుకుంటూ గోపురంలా పైకి తేవాలి. లోపల ఖాళీ లేకుండా ఆకులు, తుంచిన కాడలతో నింపాలి. లేకపోతే మధ్యలోనే వాలిపోతుంది. పైన పసుపు గౌరమ్మ. కోడలు పేర్చినది రెండుసార్లు ఒరిగింది. మూడోసారి పెద్దావిడ చేయి పెట్టలేదు, పక్కన కూర్చుని చెప్పింది. నిలిచింది.

పులిహోర, పెరుగన్నం, కొబ్బరన్నం, నువ్వులన్నం, నిమ్మకాయ అన్నం. సద్దులు సిద్ధమయ్యాయి. సాయంత్రం కార్లు బయట పెట్టించి పార్కింగ్‌లో ముగ్గేశారు. మొదట నాలుగే బతుకమ్మలు. ఎవరో ఫోను నుంచి స్పీకర్లో పాటలు పెట్టారు. పది నిమిషాలకు బ్యాటరీ అయిపోయి ఆగిపోయింది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నప్పుడు పెద్దావిడ మెల్లగా గొంతెత్తింది. ఒక్కో పాదం ఆమె పాడటం, మిగతావాళ్లు అందుకోవడం. లిఫ్టులో కలిసినప్పుడు నవ్వి ఊరుకునే ఆడవాళ్లు చుట్టూ చేరి చప్పట్లు కలిపారు. కింది అంతస్తు తమిళావిడ వచ్చింది. వాచ్‌మన్ భార్య వచ్చింది. ఇప్పుడు ఆ అపార్ట్‌మెంటులో ఆవిడను ‘మూడో అంతస్తు ముసలమ్మ’ అనరు. ‘పాటల అమ్మమ్మ’ అంటారు.

పైన సగం నిండిన చంద్రుడు. మనవరాలి పుస్తకంలో ఏడో బొమ్మ.

చివరికి మిగిలిన చిక్కు ఒక్కటే. సాగనంపడానికి చెరువేది? దగ్గర్లో లేదు. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, అందులోనే బతుకమ్మలను వదిలారు. రెండోదానికే టబ్బు నిండిపోయింది. పెద్దావిడ ఏమీ అనలేదు. టబ్బు అంచు పట్టుకుని కాసేపు నిలబడింది.

ఆ ఇంటికి దగ్గర్లోనే అంబర్‌పేటలో బతుకమ్మ కుంట అని ఒకటి ఉండేది. పేరే చెబుతోంది, ఒకప్పుడు ఆడవాళ్లు అక్కడికే వచ్చేవారని. పూడిపోయి, చెత్తా పొదలూ పెరిగి, పేరు తప్ప నీళ్లు లేని స్థలమైంది. 2025లో హైడ్రా దాన్ని తవ్విస్తే కింది నుంచి నీరు ఊరింది. ఆ సెప్టెంబరులో, బతుకమ్మ రోజుల్లోనే, అది మళ్లీ కుంటగా జనానికి అందింది. ఆ ఏడాది సద్దులకు విద్యానగర్ అపార్ట్‌మెంటు ఆడవాళ్లు రెండు ఆటోలు మాట్లాడుకున్నారు. మోకాళ్ల నొప్పి ఉన్నా ముందు ఆటోలో మొదట ఎక్కింది పాటల అమ్మమ్మే.

నేల ఉంటే పూలు తిరిగొస్తాయి, తవ్వితే నీళ్లు తిరిగొస్తాయి. పారిజాతం కొమ్మ గోడ దాటి వస్తే కొట్టేయకుండా వదిలేయడం, కాలనీ పార్కులో ఒక మూల తంగేడుకు ఇవ్వడం, గిన్నెలు పొద్దున తోముకుందామనుకుని పావుగంట నడవడం పెద్ద ఖర్చు పనులు కావు. ఈ కాలం ఎక్కువ రోజులు ఉండదు. దసరా సెలవులు అయిపోగానే బళ్లు తెరుస్తారు, రోడ్లు మళ్లీ నిండిపోతాయి. దీపావళి దాటి కార్తీకం ముదిరితే చలి మొదలవుతుంది. సీతాఫలం బుట్టలు వెళ్లిపోతాయి.

కాబట్టి ఈసారి కళ్లు విచ్చుకున్న కాయ కనపడితే వాయిదా వేయకండి. అది రెండ్రోజులకు మించి ఆగదు.